వేదంలో శీర్షాసనం దొరకలేదు

నా దగ్గర చదువుకుని, ఈమధ్యే ఒక జూనియర్ కాలేజీలో సంస్కృతం లెక్చరర్‌గా చేరిన అమ్మాయి ఒకరోజు మా ఇంటికి వచ్చింది. "మేడం, ఈ ఉద్యోగంలో అసలు పనేమిటండి?" అని అడిగింది. "పేర్లు పెట్టడం" అన్నాను. హాస్యానికి అన్నాననుకుని నవ్వింది. హాస్యం కాదని ఆ అమ్మాయికి ఏడాది తిరిగేసరికి తెలుస్తుంది. ఈలోగా ఆమె కోసమూ, ఆమెలాంటి వాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను.

గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో సంస్కృతం చెప్పుకుంటూ బతికిన మనిషిని నేను. తొంభైల చివర్లోనూ, రెండు వేల తర్వాతా మా క్లాసులు కిటకిటలాడేవి. భాష మీద ప్రేమతో వచ్చారని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. తెలుగు తీసుకుంటే మార్కులు తగ్గుతాయని, ఇంజనీరింగూ మెడిసినూ అని కలలు కంటున్న పిల్లలు రెండో భాషగా సంస్కృతం తీసుకునేవాళ్ళు. విసర్గ అంటే అచ్చులో పొరపాటున పడ్డ రెండు చుక్కలనుకున్న కుర్రాడు కూడా నా సబ్జెక్టులో ఫిజిక్సు కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకునేవాడు. అందుకని నా ప్రతిభకు ఊళ్ళో మంచి పేరు ఉండేది.

పాఠాలు అయ్యాక అసలు ఉద్యోగం మొదలయ్యేది. పుట్టిన పిల్లలకు పేర్లు, కట్టిన ఇళ్ళకు పేర్లు, పెళ్ళి శుభలేఖల మీదికి శ్లోకాలు. మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీకి 'హిమ' అనే మాటా, 'లక్ష్మి' అనే మాటా, భార్య పేరూ కలిసివచ్చేలా ఒకే సమాసం కావాలన్నారు ఒకాయన. పురుగుమందుల షాపుకి 'అహింస' అని పెట్టుకుంటానని వచ్చినాయన్ని ఆపడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. "మంచి మాటే కదండీ" అంటాడాయన. మంచి మాటే. పురుగుల వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించమన్నాను.

ఇలాంటివన్నీ నవ్వుకుని మర్చిపోవచ్చు. మర్చిపోలేనిది ఒకటుంది.

కరస్పాండెంట్ గారి నడుం

ప్రైవేటు కాలేజీ యజమానిని కరస్పాండెంట్ అంటారు. ఉత్తరాలు రాసేది మాత్రం గుమాస్తా. మా కరస్పాండెంట్ వెంకటరత్నం గారిది అద్దంకి వైపు పల్లెటూరు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసి పైకి వచ్చారు. ఆయన సరుకు చూసే పద్ధతి చూడముచ్చటగా ఉండేది. ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచేవారు. అది టప్పుమని పలకాలి. పలక్కపోతే తూకం పెరగాలని ఎవరో నీళ్ళు చల్లారన్నమాట. "ఒక్క బస్తా తడిగా ఉంటే లాటంతా తిరగ్గొడతా" అనేవారు. మనుషుల విషయంలోనూ ఆయన పద్ధతి అదే. ఒక్క అబద్ధం దొరికితే ఆ మనిషి మళ్ళీ ఆయన గడప తొక్కేది లేదు.

ఏళ్ళ తరబడి కొట్లో పరుపు మీద చతికిలబడి కూర్చోవడంతో ఆయన నడుం పట్టేసింది. బ్రాడీపేటలో ఆయన ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. బెల్టు వేసుకున్నారు, బల్ల మీద పడుకున్నారు, పులికొవ్వు నూనె అని ఎవరో ఇస్తే అదీ రాసుకున్నారు. చివరికి సత్తెనపల్లిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసే బ్రహ్మం గురించి ఎవరో చెప్పారు. బ్రహ్మం మాస్టారు సన్నగా, నిటారుగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉండేవాడు. రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఆయన చేత ఆసనాలు వేయించాడు. కొన్ని నెలలకు వెంకటరత్నం గారు యార్డులో కింద పడ్డ మిరపకాయను తనే వంగి తీశారు. ఆ రోజు కొట్లో అందరికీ స్వీట్లు పంచారని చెప్పుకున్నారు.

ఆ సంతోషంలో కాలేజీ మేడ మీద యోగా హాలు కట్టించారు. అప్పటికి టీవీల్లో పొద్దున్నే యోగా రావడం మొదలై, ఊళ్ళో ఎక్కడ చూసినా జనం ముక్కు మూసుకుని కనిపించే రోజులు. బ్రహ్మాన్ని స్కూలు ఉద్యోగం మానేసి వచ్చెయ్యమన్నారు. అతను భార్యనీ ఇద్దరాడపిల్లల్నీ తీసుకుని బ్రాడీపేటలో ఒక వాటాలో దిగాడు. హాలు ప్రారంభానికి టీవీలో ప్రవచనాలు చెప్పే ఒక పెద్దాయన్ని పిలిచారు. అంతా బాగానే ఉంది. అప్పుడు నన్ను పిలిచారు.

గోడ నిండా పెద్ద పటం. అందులో బ్రహ్మం మాస్టారు రకరకాలుగా మెలికలు తిరిగి ఉన్నాడు. ప్రతి బొమ్మ పక్కనా ఖాళీ వదిలారు.

"మేడం గారూ, ఏ ఆసనం వేదంలో ఎక్కడుందో ఆ ఖాళీల్లో రాయాలండి మీరు" అన్నారు వెంకటరత్నం గారు.

"లేకపోతేనండి?"

"లేకపోవడమేంటండీ. అయిదు వేల ఏళ్ళ నాటివని బ్రహ్మం చెప్పాడుగా. కాస్త జాగ్రత్తగా వెతకండి."

కాడి

లేవని నాకు అక్కడే తెలుసు. అయినా వేసవి సెలవులంతా కూర్చుని చదివాను. కొత్తగా చేరేవాళ్ళకు ఇది గట్టిగా చెబుతున్నాను: ఎప్పుడో చదివింది గుర్తుంది కదా అని నలుగురిలో మాట ఇవ్వకండి. మళ్ళీ చదవండి. నాకు తెలుసనుకున్నవాటిలో సగం నేను పరీక్షకు బట్టీ పట్టినవే.

వేదంలో యోగం అన్న మాట ఉంది. కానీ దాని అర్థం కాడికి పశువును కట్టడం. రథానికి గుర్రాన్ని పూన్చి బయల్దేరడం యోగం, విప్పి విశ్రాంతిగా ఉండడం క్షేమం. యోగక్షేమాలు అని మనం ఉత్తరాల్లో రాసేది ఆ జంటనే. జుట్టు విరబోసుకుని, గాలినే మొలకు చుట్టుకుని తిరిగే ముని ఒకడు ఒక సూక్తంలో కనిపిస్తాడు. అతన్ని చూసి తొలి యోగి అనేవాళ్ళున్నారు, కాదనేవాళ్ళున్నారు. తలకిందులుగా మాత్రం అతను నిలబడలేదు. తర్వాత ఉపనిషత్తులు వచ్చాయి. అక్కడ రథం శరీరమైంది, గుర్రాలు ఇంద్రియాలయ్యాయి, వాటిని కదలకుండా పట్టుకోవడం యోగమైంది. ఇంకా తర్వాత సూత్రాలు వచ్చాయి. వాటిలో ఆసనం గురించి ఉన్నది అతి కొంచెం: స్థిరంగా, సుఖంగా కూర్చో. అంతే. మన పటంలోని మెలికల్లో చాలావాటికి పేరూ వివరమూ దొరికేది అక్కడికి వెయ్యేళ్ళు దాటాకే. కొన్నయితే మా తాతగారి కంటే చిన్నవి.

ఇదంతా చెప్పడానికి యార్డుకే వెళ్ళాను. మిర్చి ఘాటుకు ఒక వాక్యానికి రెండు తుమ్ముల చొప్పున చెప్పుకొచ్చాను. కాడి దగ్గరికి వచ్చేసరికి వెంకటరత్నం గారి మొహం విప్పారింది. ఆయనకు ఊళ్ళో ఒక ఒంగోలు ఎడ్ల జత ఉండేది. బండలాగుడు పందేలకు వాటిని కొడుకుల కంటే బాగా మేపేవారు.

"అంటే మన ఎడ్లకి కాడి వేసినప్పుడల్లా యోగమేనంటారా?"

"వేదం లెక్కన అంతేనండి."

"మరి యోగక్షేమం అంటే?"

"లేనిది తెచ్చుకోవడం యోగం, తెచ్చుకున్నది కాపాడుకోవడం క్షేమం అని పెద్దలు చెప్పారండి."

"అదేగా మా వ్యాపారం" అన్నారాయన తృప్తిగా. ఊరి నుంచి పాత కాడి ఒకటి తెప్పించి, నూనె రాయించి యోగా హాలు గోడకు తగిలించమని అప్పటికప్పుడే పురమాయించారు. తర్వాత నా వైపు తిరిగి, "సరే, పటంలో ఖాళీల సంగతేంటి?" అన్నారు.

"ఆ ఆసనాలు వేదకాలానికి లేవండి."

ఆయన చేతిలో ఉన్న మిరపకాయ విరవడం ఆపారు. "మరి బ్రహ్మం నాతో అబద్ధం చెప్పాడా?"

"ఆయన తను విన్నది చెప్పాడండి."

"నీళ్ళు చల్లినోడు కూడా పక్కోడు చెప్తే చల్లాననే అంటాడు మేడం. ప్రారంభోత్సవానికి పెద్దాయన వస్తున్నాడుగా, ఆయన్నే అడుగుదాం. వేదంలో ఉందంటే ఉన్నట్టు. లేదంటే బ్రహ్మం సత్తెనపల్లి బస్సెక్కుతాడు."

నేను తుమ్ముకుంటూ బయటికి వచ్చాను. నడుం బాగుచేసిన మనిషి ఉద్యోగం పోయేలా ఉంది, అదీ నా పాండిత్యం వల్ల. సంస్కృతం వల్ల ఒకరికి హాని జరుగుతుందని అంతవరకూ నేను అనుకోలేదు. పనికిరాదనే అందరూ అనేవారు.

బ్రహ్మం మాస్టారి ప్రశ్న

ఆ సంగతి అతనికి ఎలా తెలిసిందో, ఆదివారం మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే దానిలోనూ నిటారుగానే కూర్చున్నాడు.

"శీర్షాసనం వేదంలో లేదంట కదా మేడం?"

"లేదు మాస్టారూ."

"మా గురువుగారు ఉందన్నారండి. ఆయనకి వాళ్ళ గురువుగారు చెప్పారంట."

"వాళ్ళ మీద గౌరవంతోనే చెబుతున్నాను. లేదు."

నాకు జాలేసి, ఉన్నది చూపిస్తానని ఒక ఉపనిషత్తు తీసి తెలుగులో చెప్పాను. యోగం చేసే చోటు ఎలా ఉండాలో అందులో ఉంది. నేల ఎత్తుపల్లాలు లేకుండా ఉండాలి. శుభ్రంగా ఉండాలి. రాళ్ళూ రప్పలూ ఉండకూడదు. చప్పుడు మనసుకు ఇబ్బంది కాకూడదు. కంటికి బాధ కలిగించేది ఏదీ ఎదురుగా ఉండకూడదు. నేను చదువుతుండగా కింద ఒక ఆటో ఆపకుండా హారన్ కొట్టింది. పక్క కోచింగ్ సెంటర్లో మైకులో కెమిస్ట్రీ వినిపిస్తోంది.

"ఈ లెక్కన బ్రాడీపేటలో యోగం కుదరదు మాస్టారూ" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. అతను ముందుకు వంగి, "ఇంకా ఏముందండి?" అన్నాడు. చెప్పాను. ఒళ్ళు నిటారుగా నిలపాలి. ఊపిరి మెల్లగా ముక్కుతో వదలాలి. మొండి గుర్రాలు కట్టిన బండిని తోలేవాడిలా మనసును ఏమరుపాటు లేకుండా పట్టుకోవాలి.

"ఇది ఎప్పటిదండి?"

"రెండు వేల ఏళ్ళ పైమాటే."

"ఇది నేను రోజూ చేయిస్తానండి. ఆసనాలన్నీ అయ్యాక చివర్న కాసేపు. అప్పటికే అందరూ చెప్పులేసుకుంటుంటారు."

లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "అయితే నేను ఇన్నాళ్ళూ జనానికి అబద్ధం చెప్పానంటారా?"

"చెప్పింది తప్పు. చేయించింది తప్పు కాదు. ఆయన వంగుతున్నారుగా" అన్నాను. ప్రారంభోత్సవం రోజు మీరేమీ మాట్లాడకండి, నేను ఏదో ఒకటి సర్దుతానని కూడా అన్నాను. అతను నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు. ఏం సర్దుతానో నాకూ తెలియదు.

కప్పలు

ప్రారంభోత్సవం రోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో యార్డు వ్యాపారులు, వెనక మా పిల్లలు. క్లాసు ఎగ్గొట్టే అవకాశం కాబట్టి యోగా మీద వాళ్ళకు గొప్ప ఆసక్తి కలిగింది. పెద్దాయన పట్టు శాలువాతో వచ్చారు. గోడ మీద కాడిని చూసి, "ఇదేమిటి?" అని అడిగారు. "యోగమండి" అన్నారు వెంకటరత్నం గారు. పెద్దాయనకు అర్థం కాలేదు గానీ, అర్థం కాలేదని కనబడనివ్వని విద్య ఆయనకు బాగా వచ్చు.

ఆయన గొంతు గంటలా ఉండేది. ఆసనాలన్నీ వేదంలో ఉన్నాయని, చూసే కళ్ళు కావాలని చెప్పారు. పటంలో కప్పలా మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న బ్రహ్మం మాస్టారి బొమ్మను చూపించి, "ఇదిగో మండూకాసనం. సాక్షాత్తూ ఋషులు దర్శించిన మంత్రం వినండి" అని స్వరంతో సహా ఒక మంత్రం చదివారు. జనం చేతులు జోడించారు. ముందు వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ మంత్రం నాకు తెలుసు. వేదంలో కప్పల మీద నిజంగానే ఒక సూక్తం ఉంది. అది వానాకాలం పాట. దానికీ ఆసనానికీ సంబంధం లేదు.

వెంకటరత్నం గారు వేదిక మీద నా వైపు వంగారు. "మేడం గారూ, మన పిల్లలకి దీన్ని తెలుగులో చెప్పండి." మైకు నా చేతికి వచ్చింది. పక్కనున్న ప్రిన్సిపాల్ గారు పెదాలు కదలకుండా, "కొంచెం సాగదీసి చెప్పండి మేడం" అన్నారు. ఆయన మంచివారు. పాతికేళ్ళ ఉద్యోగంలో ఎవరితోనూ ఏకీభవించకుండా ఉండలేదు.

నాకు సాగదీయడం చేతకాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎండాకాలమంతా ఎండిన తోలుతిత్తిలా పడి ఉన్న కప్పలు తొలకరి పడగానే గొంతు విప్పుతాయి. ఒకటి బెకబెకమంటే, గురువు చెప్పింది శిష్యుడు వల్లించినట్టు, ఇంకోటి అదే అందుకుంటుంది."

వెనక వరసల్లో ఎవడో 'రామః రామౌ రామాః' అని మెల్లగా అన్నాడు. నా క్లాసులో నేను చెబితే వాళ్ళు వల్లించే తీరు అది. హాలు సగం ఘొల్లుమంది. నేనూ నవ్వాను, ఆపుకోలేకపోయాను.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. "అది పైకి కనిపించే అర్థం. గూఢార్థం వేరు. ఆడవాళ్ళకు వేదం వద్దని మా పెద్దలు ఊరికే అనలేదు" అన్నారు. నవ్వులు ఆగిపోయాయి. వెంకటరత్నం గారు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు, అది కాయను చెవి దగ్గర పెట్టుకున్నప్పటి చూపు.

అప్పుడు బ్రహ్మం మాస్టారు లేచాడు. మైకు అడగలేదు. డ్రిల్లు మాస్టారు గొంతుకు మైకు అక్కర్లేదు.

"అయ్యా, మేడం చెప్పింది నిజమండి. ఈ పటంలో ఉన్నవి వేదంలో లేవు. ఉన్నాయని కరస్పాండెంట్ గారికి చెప్పింది నేనే. నాకు చెప్పినవాళ్ళు మంచి మనసుతో చెప్పారు, నేనూ అట్టాగే చెప్పాను. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇంక చెప్పనండి. కదలకుండా కూర్చోవడం, ఊపిరి చూసుకోవడం, అవి పాతవి. మిగతావి తర్వాత మనుషులు కనిపెట్టుకున్నవి. నడుం నొప్పికి పనిచేస్తాయి. అంతవరకు నేను పూచీ." అని కూర్చోబోయి, మళ్ళీ లేచి, "మేడం గారు ఆడమనిషి కాబట్టి ఆవిడకి తెలియదనడం బాగాలేదండి" అన్నాడు.

చప్పట్లేమీ మోగలేదు. ముందు వరసలో అతని భార్య తలవంచుకుని పైట కొంగు వేలికి చుట్టుకుంటోంది. పెద్దాయనకు ఉన్నట్టుండి మంగళగిరిలో ఇంకో కార్యక్రమం గుర్తొచ్చింది. కప్పిన శాలువాతో, కప్పబోయే శాలువాతో సహా వెళ్ళిపోయారు.

ఆ తర్వాత

మర్నాడు మా ఇద్దర్నీ యార్డుకు రమ్మని కబురొచ్చింది. బ్రహ్మం మాస్టారు ఇల్లు ఖాళీ చెయ్యడానికి సిద్ధపడే వచ్చాడు. నేనూ ఇంకో కాలేజీలో ఎవరైనా తెలిసినవాళ్ళున్నారా అని దారంతా ఆలోచించుకుంటూ వెళ్ళాను. వెంకటరత్నం గారు మమ్మల్ని బస్తాల మీద కూర్చోబెట్టి చాలాసేపు రైతులతో మాట్లాడుతూనే ఉన్నారు. చివరికి ఇటు తిరిగారు.

"ఏమయ్యా బ్రహ్మం, నలభై ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నా. ఇది తడి బస్తా అని తనే చెప్పి బండిలోంచి దించుకున్న రైతును ఒక్కణ్ణీ చూళ్ళేదు." ఒక కాయ తీసి టప్పుమని విరిచి, "సోమవారం నుంచి క్లాసులు పెట్టు" అన్నారు.

నాతో ఏమీ అనలేదు. నేను లేచి బయల్దేరుతుంటే మాత్రం, "ఆ కప్పల పాటలాంటిది మా ఎడ్ల మీద కూడా ఏమన్నా ఉందేమో చూడండి మేడం" అన్నారు.

పటం అలాగే ఉండిపోయింది. బొమ్మల పక్క ఖాళీల్లో మా పిల్లలు కొన్నాళ్ళకు ఫార్ములాలు రాసుకున్నారు. వెంకటరత్నం గారు చెరిపించలేదు.

కొత్తగా వచ్చే లెక్చరర్లకు దీన్నిబట్టి ఏం చెప్పాలా అని ఆలోచించాను. మీ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి సంస్కృతం అక్కర్లేదు. తాము చేస్తున్న పనికి వయసు ధ్రువపత్రం కావాలి. వంకాయ కూర దగ్గర నుంచి విమానం దాకా వేదంలో ఉందని మీరు సంతకం పెట్టాలి. పెట్టకండి. పెట్టకపోతే మొదట్లో కోపం వస్తుంది, తర్వాత కూడా కోపమే ఉంటుంది, కానీ ఎప్పుడైనా నిజంగా తెలుసుకోవాల్సి వచ్చినప్పుడు మీ గుమ్మానికే వస్తారు. ఇంకోటి, నిజం చెప్పేటప్పుడు దానివల్ల ఎవరి ఇల్లు కదులుతుందో ముందే చూసుకోండి. ఆ రోజు బ్రహ్మం మాస్టారు తనంతట తనే లేవకపోయి ఉంటే నా నిజం నా గొంతుకే అడ్డం పడేది.

సోమవారం క్లాసుకు నేనూ వెళ్ళాను. మర్యాద కోసం వెళ్ళానని అందరికీ చెప్పాను గానీ, అతనేం చేస్తాడో చూడాలని వెళ్ళాను. యార్డు వ్యాపారులు కొత్త లాల్చీ పైజమాల్లో వరసగా నిలబడ్డారు. శీర్షాసనం ఎప్పుడు నేర్పుతారని ఒకాయన ఉబలాటపడుతున్నాడు.

"ఇవాళ ఒక్కటేనండి. చాలా పాతది. కూర్చోండి" అన్నాడు బ్రహ్మం.

కూర్చున్నాం. నడుం నిటారుగా, కళ్ళు మూసుకుని. ఇంత తేలికా అనిపించింది. కాసేపటికి మోకాలు గుర్తొచ్చింది. తర్వాత ముక్కు దురద. తర్వాత పొద్దున పాలు స్టవ్ మీద నుంచి దించానా లేదా అన్న అనుమానం. కింద ఆటోలు, పక్కన కెమిస్ట్రీ, ఎవరి జేబులోనో సెల్‌ఫోన్‌లో భక్తిపాట. గది నిండా పెద్దమనుషులు ఊపిరి బరువుగా వదులుతున్నారు. పులుల్లా వేలం పాడేవాళ్ళు ఊరికే కూర్చోలేక చెమటలు కక్కుతున్నారు. నేను దొంగచాటుగా ఒక కన్ను తెరిచాను. సరిగ్గా అప్పుడే వెంకటరత్నం గారు కూడా ఒక కన్ను తెరిచారు.

"ఇంకా ఎంతసేపయ్యా బ్రహ్మం?"

బ్రహ్మం మాస్టారు కళ్ళు తెరవలేదు.

"మీరు ఆ మాట అడగడం మానేసేదాకా అండి."

ఆయన కన్ను మూసుకున్నారు. అదే అడగడానికి నోరు తెరవబోయిన నేను కూడా మూసుకున్నాను.